ఉడుకునెత్తురు ఏ బటన్‌లో ఉంది?

ఈ మధ్య మా అబ్బాయి సూపర్ రోబోట్ వార్స్ వై అనే వీడియో గేమ్ ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. కూర్చున్నంతసేపూ ఒకటే కడుపుమంట. మెనూలు ఇంగ్లీషులో, తెర మీద పడే మాటలు ఇంగ్లీషులో, ఏది నొక్కితే ఏమవుతుందో చెప్పే వివరణ కూడా ఇంగ్లీషులోనే. 2025 ఆగస్టులో జపాన్‌తో పాటే ఇక్కడ అమెరికాలోనూ అమ్మకానికి పెట్టేశారు మరి. మా రోజుల్లో ఇదే గేమ్ కోసం పడ్డ పాట్లు చెప్పబోతే "డాడీ, మళ్లీ మొదలెట్టావా" అన్నాడు. వాడు వినలేదు కాబట్టి ఇప్పుడు మీరు వినాలి. పైగా దీనికీ మన ఆదివారం తెలుగు క్లాసుకీ సంబంధం ఉందని నా వాదన.

తెలియనివాళ్ల కోసం కొంచెం. 1991 ఏప్రిల్‌లో బాన్‌ప్రెస్టో కంపెనీ గేమ్ బాయ్ అనే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్ మీద మొదలుపెట్టిన సిరీస్ ఇది. యానిమేల్లో, అంటే జపాన్ కార్టూన్లలో, మేడంత ఎత్తు రోబోలు ఉంటాయి కదా, వాటన్నిటినీ పోగేసి ఒకే యుద్ధంలో దింపుతారు. 1972 నాటి మాజింగర్ జెడ్, 1974 నాటి గెట్టర్ రోబో, 1979 నాటి గండమ్ (పేరు వినగానే మా అమ్మ "అదేం పేరురా, ఏదో గండం వచ్చినట్టు" అంది) ఈ మూడూ దీనికి మూలస్తంభాలు. మొదటి గేమ్‌లో రోబోలే మాట్లాడుకునేవి. అదే ఏడాది చివర్లో వచ్చిన రెండోదాంట్లో లోపల మనుషులు కూర్చున్నారు, కథ మొదలైంది. 1997లో సాటర్న్ అనే గేమ్ మెషీన్ మీద వచ్చిన ఎఫ్ అనే భాగంలో ఎవాంజెలియన్ అనే యానిమే కూడా చేరింది. ఎవాంజెలియన్‌లో అందరికీ దూరంగా కుమిలిపోయే షింజి అనే పిల్లాడికి ఇక్కడ మాజింగర్ నడిపే కోజి లాంటి అన్నలు దొరుకుతారు. ఈ సిరీస్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

ఎవరి కథలో వాళ్లు ఉండకుండా అందరూ ఒకచోట ఎట్లా ఉంటారని అమ్మ అడిగింది. గయోపాఖ్యానం వ్యాసభారతంలో ఉందా అమ్మా అన్నాను. కృష్ణుడు గయుణ్ణి చంపుతానని ప్రతిజ్ఞ పట్టడం, అర్జునుడు వాడికే అభయమివ్వడం, బావాబావమరుదులు ఎదురెదురుగా నిలబడటం, ఇవేవీ వ్యాసుడు రాయలేదు. అయినా చిలకమర్తి వారు నాటకం కడితే ఊరూరా చూశారు. తెలిసిన వీరుల్ని తెలియని చిక్కులో పెడితే ఎంత మజా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా?

నా సంగతికొస్తే, 1980లలో దూరదర్శన్‌లో జెయింట్ రోబో చూసిన తరం నాది. పిల్లాడు చేతి గడియారంలోకి మాట్లాడితే ఆ రోబో ఎగిరొచ్చేది. అది యానిమే కాదు, మనిషే వేషం వేసుకుని నడిచేవాడు, అయినా ఆ పిచ్చి అక్కడే అంటుకుంది. ఇక్కడికి చదువుకోవడానికొచ్చిన కొత్తలో ఒక స్నేహితుడు తన గేమ్ బాయ్ అడ్వాన్స్, దాంతో పాటు 2001లో జపాన్‌లో వచ్చిన సూపర్ రోబోట్ వార్స్ ఏ క్యాట్రిడ్జ్ ఇచ్చాడు. జపాన్ క్యాట్రిడ్జ్ అయినా ఆ మెషీన్‌లో పెట్టగానే నడిచేది. నడవడం నడిచింది కానీ ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఆట చూడటానికి చదరంగంలా గళ్ల మీద ఉంటుంది. మన వంతులో కదిలి కొడతాం, వాళ్ల వంతులో తిరిగి కొట్టాలా, తప్పుకోవాలా, కాచుకోవాలా అని తేల్చుకోవాలి. మాజింగర్ లాంటివి భీముడి బాపతు, దెబ్బ తిని నిలబడతాయి. గండమ్ లాంటివి తప్పించుకుని కొడతాయి. పోరాటపు వేడి 100 దగ్గర మొదలవుతుంది, అది పెరిగితే గానీ పెద్ద అస్త్రాలు బయటికి రావు. వీటన్నిటి మీదా పైలట్లకి కొన్ని శక్తులుంటాయి. అందులో ఒకటి నెక్కెత్సు, అక్షరాలా ఉడుకునెత్తురు. అది వేసుకుంటే తర్వాతి దెబ్బ రెట్టింపు. ఇంకొకటి తెకగెన్. నేను దాన్నే ఉడుకునెత్తురనుకుని మూడు రోజులు నొక్కాను. అదేమో ఎంత గట్టిగా కొట్టినా శత్రువుకి పది పాయింట్ల ప్రాణం మిగిల్చి వదిలేసే దయాగుణం! చచ్చే శత్రువు చావడు, నాకు పిచ్చెక్కిపోయేది.

అప్పుడు లైబ్రరీలో కటకానా పట్టిక జిరాక్స్ తీయించుకున్నాను. జపాన్ వాళ్లు బయటి మాటలు రాసుకునే లిపి అది, ఆయుధాల పేర్లన్నీ దాదాపు అందులోనే. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివితే "రోకెట్టో", "మిసైరు", "రైఫురు", "బీము" అని వస్తున్నాయి. గట్టిగా నవ్వాను. రాకెట్టు, మిసైలు, రైఫిలు! మాట చివర అచ్చు లేకపోతే వాళ్లకీ తోచదు, మనకీ తోచదు. బస్సూ కారూ రోడ్డూ అంటూ పెరిగినవాడికి కటకానా ఏం కష్టం? మా అమెరికన్ స్నేహితుడు దాని దగ్గరే తల పట్టుకుని కూర్చున్నాడు. రెండు వారాల్లో మెనూలు చదివేశాను, రెండు నెలల్లో కంజి అనే చైనా బాపతు అక్షరాలు కూడా ఓ ముప్పై పట్టుబడ్డాయి. ఎవరూ పరీక్ష పెట్టలేదు.

ఇంగ్లీషులో ఎందుకు ఇవ్వలేదంటే, ఒక్కో రోబో ఒక్కో కంపెనీ సొత్తు, జపాన్ బయట ఆ హక్కులు మళ్లీ వేరేవాళ్ల చేతుల్లో ఉంటాయి. అంతమందిని ఒప్పించేసరికి తాతలు దిగొస్తారు. 2006లో ఇక్కడ వచ్చిన ఒరిజినల్ జెనరేషన్ అనే గేమ్‌లో కంపెనీ సొంత రోబోలే తప్ప మాజింగర్ లేదు, గండమ్ లేదు. అసలు రోబోలతో ఇక్కడివాళ్లకి దొరికింది 2021 అక్టోబరులో, ముప్పై ఏళ్ల సందర్భంగా వచ్చిన 30 అనే గేమ్, అదీ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల కొట్టులో. అంతకుముందు చాలా ఏళ్లు ఎన్నో దేశాల వాళ్లు నాలాగే పట్టికలు పక్కన పెట్టుకుని ఆడారు, కొందరైతే ఏళ్లు కూర్చుని సొంతంగా అనువాదాలే చేసుకున్నారు.

ఇప్పుడు అసలు మాట. మన క్లాసులో పిల్లలు తెలుగు చదివితే వాళ్లకి దొరికేదేంటి? స్టిక్కరు, సర్టిఫికెట్టు, ఉగాదికి స్టేజీ మీద ఒక పద్యం. పద్యం మీద నాకేం కోపం లేదు. కానీ ఆ పద్యాన్ని కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చి బట్టీ పట్టిస్తున్నది మనమే కదా! తలుపుకి తాళం వేసి, పక్కనే కిటికీ బార్లా తెరిచి, తాళంచెవి ఎవరూ వెతకడం లేదేమని బాధపడుతున్నాం. ఇంట్లో మాట్లాడితే చాలు, అక్షరాలు వాటంతటవే వస్తాయనేవాళ్లతో కూడా నాకు పేచీయే. మా అబ్బాయి ఇంట్లో తెలుగు దంచుతాడు, బోర్డు మీద "ఱ" చూస్తే మాత్రం బొమ్మ అనుకుంటాడు.

అందుకని పోయిన నెల క్లాసుకి గళ్ల చార్టు పట్టుకెళ్లాను. ఒకవైపు కృష్ణుడి సేన, ఒకవైపు అర్జునుడి సేన, నడిమధ్య గయుడు. శక్తులు చీటీల మీద తెలుగులోనే రాశాను: ఉడుకునెత్తురు, మెరుపు, పంతం, దయ. వివరణ కూడా తెలుగులోనే, ఒక్క ఇంగ్లీషు ముక్క లేదు, అడిగినా చెప్పేది లేదు. గొప్పగా జరిగిందని అనను. ఇద్దరు పిల్లలు చదవకుండా చీటీ మూల మడత గుర్తుపెట్టుకుని నెట్టుకొచ్చారు, ఒకమ్మాయి ఫోన్‌తో అనువాదం చేయబోతే లాక్కోవాల్సి వచ్చింది. కానీ ఎప్పుడూ వెనక బెంచీలో పడుకునే కుర్రాడొకడు "ఉడుకునెత్తురు" అని వత్తు దగ్గర తడుముకుంటూ పైకి చదివి, భీముణ్ణి రెండు గళ్లు జరిపి బలరాముణ్ణి కొట్టాడు. ఎదుటివాడు ఊరుకుంటాడా, బలరాముడి దగ్గర భీముడు గద నేర్చుకున్నాడు, గురువుని కొట్టకూడదని రూలు పెట్టమన్నాడు. క్లాసు అయిపోయి తల్లిదండ్రులు కార్లు స్టార్ట్ చేసి పిలుస్తున్నా ఆ గొడవ తేలలేదు.