బీరువా తాళం ఎవరి దగ్గరుంది?

ఆరేళ్ల కిందట మా నాటక సమాజం కార్యదర్శిగారు పోయారు. దినాలయ్యాక నలుగురం వాళ్లింటికెళ్లి సమాజం బీరువా తెరిచాం. పై అరలో కిరీటాలు, మేకప్ డబ్బా, పాత నాటక పరిషత్తు పోటీల షీల్డులు. కింద చెదలు తిన్న రసీదు పుస్తకాలు. ఆదాయపు పన్ను మినహాయింపు తెచ్చే 12ఎ సర్టిఫికెట్ మాత్రం లేదు. బ్యాంకులో చెల్లే సంతకం ఆయనదొక్కటే. ఖాతాలో ఉన్న కాస్త డబ్బు తియ్యడానికి ఏడు నెలలు తిరిగాం. పద్యం ఎత్తుకుంటే శ్రుతి తప్పని కుర్రాళ్లు మాకు పది మంది ఉన్నారు. చెక్కు రాయడం తెలిసినవాడు ఒక్కడూ లేడు.

కళాసంస్థల్లోనూ, స్వచ్ఛంద సంస్థల్లోనూ ఇదే కథ. పనివాళ్లను తయారు చేస్తాం, సంస్థను నడిపేవాళ్లను చెయ్యం. పెద్దాయన ఉన్నన్నాళ్లూ ఆ లోటు తెలియదు.

సురభి వాళ్లు దీనికి తమదైన దారి వేసుకున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన ఆ నాటక కుటుంబాల్లో పిల్లవాడు లోహితాస్యుడిగానో, ప్రహ్లాదుడిగానో రంగమెక్కుతాడు. పెద్దయ్యాక పెద్ద వేషాలు. వాటితోపాటే హార్మోనియం, తెరలు, వైర్ల మీద మనుషుల్ని ఎగరేసే ట్రిక్కులు, టికెట్ల లెక్క. కుటుంబం పెరిగితే సమాజం రెండయ్యేది. బయటివాళ్లకు అది చీలిక. నాకైతే ప్రమోషన్‌లా కనిపిస్తుంది. కాకపోతే ఆ మెట్లెక్కాలంటే ఆ ఇంట్లో పుట్టాలి. సినిమా, టీవీ వచ్చాక ఆ సమాజాలూ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

ఎన్జీవోల చిక్కు వేరు. అక్కడ ఉద్యోగం ప్రాజెక్టుతో పుట్టి మార్చి 31తో పోతుంది. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చేసి చేరిన పిల్ల మూడేళ్లలో మూడు సంస్థలు మారుతుంది. ఊళ్లు బాగా తెలుస్తాయి. బడ్జెట్ వెయ్యడం, బోర్డు మీటింగులో మాట్లాడడం ఎవరూ నేర్పరు. చట్టమూ అటే తోస్తోంది. విదేశీ విరాళాల్లో పాలనా ఖర్చుల పరిమితిని 2020లో ఆ విరాళాల మీది చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ సవరణ 50 శాతం నుంచి 20కి దించింది. సంస్థను మేనేజ్ చేసేవాళ్ల జీతం, ఆఫీసు ఖర్చులు, అకౌంట్లు అన్నీ ఆ 20లోనే సర్దుకోవాలి. దుబారా ఆపడానికే అన్నారు. నా లెక్కలో మొదట కోతపడేది పెద్దాయన తర్వాత సంస్థను నడపాల్సిన రెండో వరస మనిషికే. దాతలదీ అదే వరస: పలకకు, పుస్తకానికి ఇస్తారు గానీ మేనేజర్ జీతమంటే మొహం చిట్లిస్తారు.

అయినా చేసి చూపించినవాళ్లు ఉన్నారు. బాలకార్మికులను బడికి పంపించే పనిని రంగారెడ్డి జిల్లాలో భుజానికెత్తుకున్న ఎం.వి. ఫౌండేషన్‌నే తీసుకోండి. దాన్ని నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఆవిడ జాతీయ బాలల హక్కుల కమిషన్ తొలి చైర్‌పర్సన్‌గా ఢిల్లీ వెళ్లారు. సంస్థ ఆగలేదు. పని మొదటినుంచీ ఊరి యువకుల చేతుల్లో పెట్టడమే కారణమని నాకనిపిస్తుంది.

కళల దగ్గర ఇంకో పేచీ ఉంది. కేంద్ర సాంస్కృతిక శాఖ గురు శిష్య పథకం గురువుకూ శిష్యులకూ నెలనెలా డబ్బిస్తుంది. ఆ డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే యూసీ (వినియోగ ధ్రువపత్రం) పంపాలి, సీఏ చుట్టూ తిరగాలి. ఆ తిరిగేవాడు ఎవరు? ఎవరో ఒక శిష్యుడే, రిహార్సల్ ఎగ్గొట్టి. దాన్ని పనిగా ఎవరూ లెక్కలో వెయ్యరు.

మేం ఇప్పుడు బ్యాంకులో రెండు సంతకాలు పెట్టించాం. ఒకటి మా సమాజంలో వేషం కట్టే ఇరవై నాలుగేళ్ల అమ్మాయిది. లెక్కల పుస్తకం ఆమె చేతికిచ్చిన రోజు, "అంటే ఇక నాకు వేషాలు తగ్గిస్తారా మాస్టారూ?" అంది. లేదమ్మా అన్నాను గానీ, ఆ అనుమానం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మాలో లెక్కలు చూసేది ఎప్పుడూ వేషాలు మానేసినవాళ్లే. ఈసారి పరిషత్తులో ఆమెది ప్రధాన పాత్ర. ఆడిట్ గడువు కూడా ఆ వారంలోనే పడింది.