ప్లేటు మీద సుత్తి ఎత్తేముందు ఒక్క మాట

పాత పింగాణీ ప్లేటుని తువ్వాల్లో చుట్టి, సుత్తితో ఠపీమని ఒక్కటేసి, "మొజాయిక్‌కి ముక్కలు రెడీ!" అనే వీడియో (మొజాయిక్ అంటే ముక్కలు పేర్చి, అంటించి బొమ్మ చేయడం లెండి) ఈ వారంలో కనిపించడం ఇది నాలుగోసారి. ఇక ఊరుకోలేక రాస్తున్నా.

నేనూ అలాగే మొదలుపెట్టాను లెండి. అంచు చిట్లిన ప్లేటు, మధ్యలో గులాబీ. ఆ గులాబీ కోసమే దాచుకున్నాను. తువ్వాలు విప్పితే 40 దాకా ముక్కలున్నాయి, గులాబీ మాత్రం లేదు. ఒకదాంట్లో సగం ఆకు, ఇంకోదాంట్లో ఏదో ఎర్రటి మరక. మూడు వారాల తర్వాత ఇంకో పెంకు కూడా దొరికింది, నా మడమలో.

"పగలడంలోనే అందం ఉంది" అని నాకు క్లాసు పీకేవాళ్ళున్నారు. ఫ్రాన్స్‌లోని షార్త్ర్‌లో రేమో ఇసిదోర్ తన ఇంటి గోడలే కాదు, సామాన్లు కూడా పింగాణీ పెంకులతో కప్పేశాడు కదా, చండీగఢ్‌లో నేక్‌చంద్ రాక్ గార్డెన్ ఉంది కదా అంటారు. నిజమే. కానీ వాళ్ళు ఏరుకొచ్చినవి అప్పటికే పగిలి, జనం పారేసినవి. మీ చేతిలో ఉన్నది నిండు ప్లేటు. ఎక్కడ విరగాలో చెప్పే అవకాశం మీకుంది, దాన్ని సుత్తికి అప్పగించడం దేనికి?

కావలసింది చక్రాల నిప్పర్. పటకారులాగే ఉంటుంది గానీ, నోటి దగ్గర కార్బైడ్ అనే బాగా గట్టి పదార్థంతో చేసిన రెండు చక్రాలుంటాయి. కొత్తవాళ్ళు ప్లేటుని లోపలిదాకా తోసి, పళ్ళు బిగించి నొక్కుతారు. అక్కర్లేదు. అంచుని నాలుగైదు మిల్లీమీటర్లు పట్టి మెల్లగా నొక్కితే 'టిక్'మంటుంది, పగులు చక్రాలు చూస్తున్న వైపుకే ఇంచుమించుగా పాకుతుంది. పేచీ అంతా ప్లేటు అడుగున ఉండే గుండ్రటి గట్టుతో. అక్కడ పింగాణీ మందం. పగులు అక్కడికి రాగానే మొండికేసి, గట్టు వెంబడే పక్కకి తిరిగిపోతుంది. అందుకే ముందు చుట్టూ ఉన్న అంచు తీసేసి, తర్వాత గట్టుని ఎలక కొరికినట్టు కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ రావాలి. విసుగే. కానీ పువ్వు బతుకుతుంది.

బోన్ చైనా దొరికితే వదలకండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే వెనకున్న వేళ్ళ నీడ కనిపిస్తుంది, అదో గుర్తు. ఎముకల బూడిద కలిపి చేస్తారు, పల్చగా ఉంటుంది కాబట్టి చక్కగా తెగుతుంది. మందపాటి మట్టిరకం ప్లేట్లు ఆరుబయట పెట్టే పనికి వద్దు, గ్లేజు (పైనుండే గాజులాంటి పూత) కింద నీళ్ళు పీల్చుకుంటాయి. ఇక కింద పడ్డా పగలవని పేరున్న తెల్లటి గాజు ప్లేట్ల జోలికి అసలు పోవద్దు. అవి తెగవు, పేలతాయి. సూదుల్లాంటి ముక్కలు.

కళ్ళద్దాలు, మాస్కు లేకుండా చేసేవాళ్ళతో నేను వాదించను. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడవండి.

మంచి ప్లేటు కోయడం పాపం కదా అంటారా? పదేళ్ళుగా అలమారలో దుమ్ము కొట్టుకుపోతున్నప్పుడు రాని జాలి ఇప్పుడెందుకో.

ఆ గులాబీ ప్లేటుకి జోడీ ఇంకొకటి ఉండేది. నిన్న రాత్రి కోశాను. పువ్వు ఏడు ముక్కలుగా వచ్చింది, వరస తప్పకుండా టేపు మీద అంటించి పెట్టాను. ఒక రేకు మీద మాత్రం చిన్న బీట. ముక్కల సందుల్లో నింపే గ్రౌట్ పడితే కనపడదులే అనుకుంటున్నా.