వడ్ల కుప్ప మీద వ్యూ పాయింట్

వరి పొలం చూడ్డానికి సముద్రం దాటి వెళ్ళే స్థాయికి ఓరుగల్లు మనిషి ఎదిగాడు. ఈ అభివృద్ధిని ఏ ప్రభుత్వ నివేదికలోనూ చూపకపోవడం అన్యాయం. తలసరి ఆదాయం చెబుతారు, అక్షరాస్యత చెబుతారు. హన్మకొండ నుంచి బాలికి పోయి, మడి ముందు నిలబడి ఫొటో దిగి వచ్చినవాళ్ల లెక్క మాత్రం ఎవరూ చెప్పరు.

దీని వెనుక ఉన్న ఆర్థిక సూత్రం సులువే. నాయిన దున్నిన రెండెకరాలు రింగు రోడ్డుకు దగ్గరపడతాయి. ఎకరాలు గుంటలవుతాయి, గుంటలు గజాలవుతాయి, గజాల చుట్టూ సున్నం పూసిన రాళ్లు మొలుస్తాయి. వచ్చిన పైసల్లో ఇల్లు, కారు, బిడ్డ పెళ్లి పోను మిగిలినదాంతో అయిదు రాత్రులు, ఆరు పగళ్ల బాలి ప్యాకేజీ. ఆ ప్యాకేజీ కాగితంలో రెండో రోజు, పొద్దుటి టిఫిన్ తర్వాత, 'రైస్ టెర్రస్ వ్యూ పాయింట్' అని ఉంటుంది. మడి అమ్మిన పైసలు మళ్లీ మడి దగ్గరికే చేరాయి. నేల రుణం తీర్చుకోవడమంటే ఇదే కాబోలు.

బాలిలో దిగగానే మనిషి పరపతి పెరుగుతుంది. వీసాకు అయిదు లక్షలు. 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ పర్యాటకులు కట్టాల్సిన రుసుము ఇంకో లక్షన్నర. అవి వాళ్ల రుపియాలు. ఆ లక్షన్నర మన ఎనిమిది వందలకు కాస్త అటూ ఇటూ. ఇంటికి ఫోన్ చేసి "దిగంగనే లక్షన్నర కట్టిన" అని చెప్పేటప్పుడు ఆ తేడా విడమరిచి చెప్పేంత టైం ఎవరికుంటుంది, రోమింగ్ చార్జీలు పడుతుంటే!

ఉబుద్ దగ్గర తెగల్లాలాంగ్ అనే ఊరుంది. లోయలోకి మెట్లు మెట్లుగా దిగే వరి మళ్లు, వాటి ఒడ్డున కొబ్బరిచెట్లు, ఆ చెట్ల మధ్య ఊయలలు. ఊయల ఎక్కే ఆడవాళ్లకు గౌన్లు అద్దెకిస్తారు. గౌను కుచ్చిళ్లు మనిషి కంటే పొడుగు. ఊయల ముందుకు పోయినప్పుడు అవి వెనక మళ్ల మీద జెండాలా ఎగరాలి. నడుముకు బెల్టు బిగిస్తారు, చెప్పులు విప్పిస్తారు, ఇద్దరు కుర్రాళ్లు వెనక నుంచి తోస్తారు. మనవైపు కోడలు ఎర్ర గౌనులో లోయ మీద తేలిపోతుంటే, ఒడ్డు మీద నిలబడ్డ అత్తమ్మ మాత్రం కిందికే చూస్తుంటుంది. "గా మూల మడిల ఊద ఎట్ల పెరిగిందో చూడు. కలుపు తీసేటోళ్లే లేరానే వీళ్లకు?" వీడియోలో ఆ ముక్క స్పష్టంగా వినిపిస్తుంది కాబట్టి, దాని మీద పాట వేసి అప్‌లోడ్ చేస్తారు. ఆ మొత్తం లోయలో పొలాన్ని పొలంగా చూసిన ఒకే ఒక్క పర్యాటకురాలి అభిప్రాయం అలా చరిత్రకెక్కకుండా పోతుంది.

లెంపుయాంగ్ గుడి సంగతి ఇంకా గొప్పది. రెండుగా చీల్చినట్టుండే గోపురద్వారం, దాని నడుమ దూరాన అగుంగ్ అగ్నిపర్వతం, కింద అద్దంలాంటి నీళ్లలో అంతా తలకిందులుగా కనిపిస్తుంది. ఫొటోలో మాత్రమే. అక్కడ నీళ్లు లేవు. ఫొటోలు తీసే అబ్బాయి మన ఫోన్ కెమెరా కింద చిన్న అద్దం ముక్క అడ్డం పెడతాడు, చెరువు పుడుతుంది. ఈ చెరువు కోసం టోకెన్ తీసుకుని గంటల తరబడి కూర్చుంటారు. పిలుపు రాగానే నిలబడాలి, చేతులెత్తాలి, ఎగరాలి, దిగాలి, తర్వాతి నంబరు.

దీన్ని మోసం అనేవాళ్లకు వరంగల్ రియల్ ఎస్టేట్ గురించి తెలియదు. వాళ్లు లేని చెరువును ఉన్నట్టు చూపిస్తున్నారు. మనం ఉన్న చెరువును లేనట్టు చూపిస్తున్నాం. శిఖం భూమిలో, అంటే చెరువు కడుపులోనే, నిలబెట్టి "ఫుల్ క్లియర్ టైటిల్ సార్, ఈస్ట్ ఫేసింగ్" అనడానికి అద్దం ముక్క కూడా అక్కర్లేదు. గట్టి వాన పడ్డ రాత్రి చెరువే తన పాత అడ్రసు వెతుక్కుంటూ వచ్చి హాల్లో సోఫా మీద కూర్చుంటుంది, అది వేరే విషయం.

ఉలువాతులో సముద్రం మీదికి వంగిన కొండ, కొండ మీద గుడి, గుడి నిండా కోతులు. కళ్లజోడు, ఫోన్, టోపీ ఏది దొరికితే అది లాక్కుని, తిండి ఇస్తేనే తిరిగిస్తాయి. 2021లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, పెద్ద కోతులకు మనుషులు దేన్ని విలువైందిగా చూస్తారో తెలుసు. ఫోన్ లాంటిది చేతికి చిక్కితే తక్కువకు ఒప్పుకోకుండా బేరం పెంచుతాయి. మన కోతులను చూస్తే జాలేస్తుంది. ఇంట్లో జొరబడి, పప్పు డబ్బా పారబోసి, మామిడికాయ సగం కొరికి పోవడం తప్ప వ్యాపారం రాదు. స్కిల్ డెవలప్‌మెంట్ వాళ్లు ఈ రంగం మీద దృష్టి పెట్టాలి.

బాలి పక్కనే ఉన్న నుసా పెనిడా దీవిలో, కెలింగ్‌కింగ్ అనే కొండకొమ్ము పక్కన 182 మీటర్ల గాజు లిఫ్టు కట్టబోయారు. సగంలో ఉండగా, 2025 నవంబరులో, బాలి గవర్నర్ ఆపించి తీసేయమన్నాడు. కొండ చూడ్డానికి కొండకు అడ్డంగా కట్టడం తప్పని అక్కడి సర్కారుకు తోచిందంటే పర్యాటకంలో వాళ్లింకా వెనకబడే ఉన్నారన్నమాట.

అసలు సంగతి బాలిలోనే జతిలువిహ్ అనే వరి మళ్ల ఊళ్లో జరిగింది. సుబక్ అని అక్కడి రైతుల పాత నీటి సంఘాలున్నాయి. ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో గుడి దగ్గర కూర్చుని తేల్చుకుంటారు. మన ఊళ్లలో నీరటి చేసిన పనే, కాస్త దేవుడు కలిసింది. 2012లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. జనం పోటెత్తారు. పొలాల మధ్య రైతులు కొట్లు పెట్టుకున్నారు. 2025 డిసెంబరులో, నిబంధనలకు విరుద్ధమంటూ అధికారులు ఆ కొట్లను మూయించారు. రైతులు ధర్నా చేయలేదు, రాస్తారోకో చేయలేదు. మళ్లలో ఇనుప రేకులు పాతారు. ఎండకు రేకులు తళతళమంటే ప్రపంచ వారసత్వం కళ్లకు గుచ్చుకుంది. పొలం మాది, ఒడ్డు మాది, చూపు మాత్రం మీదా అని అడిగినట్టయింది.

నాకు ఇక్కడే మన జిల్లాల భవిష్యత్తు కనిపించింది. మనకు కూడా 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. 1213 నాటి శాసనం ముందు, నల్లరాతి మదనికల ముందు జనం బారులు తీరి సెల్ఫీలు దిగుతున్నారు. పక్కనే రామప్ప చెరువు కింద నాటేసే ఆడవాళ్లు ఏ ఫ్రేములోకీ రాలేదు. దీవులే కావాలంటే లక్నవరంలో ఉన్నాయి, వేలాడే వంతెనతో సహా. కాబట్టి లోటు ప్రకృతిలో లేదు, టికెట్ కౌంటర్‌లో ఉంది.

నా ప్రతిపాదన ఏమిటంటే, వడ్లు కొనే ప్రతి ఐకేపీ సెంటర్‌ను వ్యూ పాయింట్‌గా ప్రకటించాలి. యాసంగి కోతలైనాక నర్సంపేట రోడ్డు మీద ఒక పక్క మొత్తం బంగారు రంగు పరుస్తాం. ఇంత పొడవైన బంగారు తీరం ఏ ద్వీపంలో ఉంది? సెంటర్‌లో వడ్ల కుప్పలు కొండల వరస. వాటి మీద నీలిరంగు టార్పాలిన్లు కప్పితే సముద్రం. మబ్బు పట్టగానే మనుషులు నాలుగు దిక్కులా పరుగెత్తి టార్పాలిన్లు లాగే దృశ్యాన్ని 'లైవ్ షో' కింద అమ్మొచ్చు, అకాల వానలకు మన దగ్గర కరువు లేదు. తేమ 17 శాతానికి దిగేదాకా రైతు కుప్ప దగ్గరే పడుకుంటాడు కాబట్టి 'హోమ్ స్టే' కూడా వచ్చినట్టే. కాంటా మీద ఊయల కట్టొచ్చు. లారీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియకపోవడం వల్ల సస్పెన్స్ ఉచితం.

ఈ ప్రతిపాదనను మొదట ఒక సెంటర్‌లో కుప్ప పక్కన తుండు పరుచుకుని కూర్చున్న పెద్దమనిషికి వివరించాను. బాలి చెప్పాను, ఊయల చెప్పాను, ఫొటోకు ఇంత అని కుప్ప ఓనరుకే పైసలు వస్తాయని చెప్పాను. గుప్పెడు వడ్లు తీసి, ఒక గింజ పళ్ల కింద కొరికి చూసి, అంతా విన్నాడు.

"మంచిగనే ఉన్నది సారూ," అన్నాడు. "గా టికెట్ పైసల్ల గూడ తరుగు తీస్తరా?"