సవరణ: సెన్‌ప్-బి బాక్స్ 17 జతలే, 171 కాదు

హైదరాబాద్‌లో ఏఎన్ఏ (సొంత కణాల కేంద్రకం మీదికే వెళ్లే యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్ష) స్లైడ్లు చదివే టెక్నీషియన్ల కోసం పెట్టిన గత పోస్టులో, సెంట్రోమియర్ (కణ విభజనలో క్రోమోజోమ్‌ను లాగే దారాలు అతుక్కునే చోటు) దగ్గర ఉండే సెన్‌ప్-బి ప్రొటీన్ డీఎన్ఏలో 171 బేస్ జతల ముక్కకు అతుక్కుంటుందని రాశాం. అది తప్పు. 171 అనేది అక్కడ మళ్లీమళ్లీ వచ్చే ఆల్ఫా శాటిలైట్ డీఎన్ఏలో ఒక్కో యూనిట్ పొడవు. ప్రొటీన్ పట్టుకునేది అందులోని 17 జతల చిన్న వరుసనే (అదే సెన్‌ప్-బి బాక్స్), అదీ అన్ని యూనిట్లలో ఉండదు. వై క్రోమోజోమ్ సెంట్రోమియర్‌లోనైతే అసలే లేదు. అయినా వై సక్రమంగానే విడిపోతుంది. సెంట్రోమియర్ చోటును గుర్తుపెట్టేది సెన్‌ప్-ఎ అనే వేరే ప్రొటీన్ మరి. ఆ పోస్టులో సెన్‌ప్-బి జన్యువు 20వ క్రోమోజోమ్ మీద ఉందన్నది, ప్రొటీన్‌లో 599 అమైనో ఆమ్లాలన్నది సరైనవే.

ఇంకో మాట. హెప్-2 కణంలో (ఏఎన్ఏ స్లైడు మీద ఉండే మానవ కణం) విడివిడి చుక్కలు కనబడగానే సెంట్రోమియర్ ప్యాటర్న్ అని రాసేయకండి. లెక్క 40 నుంచి 80 మధ్య ఉండాలి. పక్కనే విభజనలో ఉన్న కణాన్ని వెతకండి: చుక్కలు నడుమ పట్టీలా బారుతీరాలి. ఆరో పదో చుక్కలే ఉండి, ఆ పట్టీ లేదంటే అది వేరే ప్యాటర్న్.