గాయం ఒకచోట, బాకీ మరొకచోట

1938 డిసెంబరులో పోలండ్ రాజధాని వార్సాలో నగరపాలక ఎన్నికలు జరిగాయి. యూదు పార్టీలకు దక్కిన 20 స్థానాల్లో 17 బుంద్ అనే సోషలిస్టు పార్టీ గెలుచుకుంది. పాలస్తీనాలో యూదుల దేశం కట్టాలన్న జియోనిస్టులకు బుంద్ బద్ధ వ్యతిరేకి. దాని సిద్ధాంతమంతా తూర్పు యూరప్ యూదుల భాష యిద్దిష్‌లో ఒక్క మాటలో ఉంది: దోయ్‌కైట్, అంటే ‘ఇక్కడితనం’. పుట్టిన ఊళ్లోనే, మాట్లాడే భాషతోనే, ఇరుగుపొరుగుతో సమానంగా బతకాలి, హక్కుల కోసం ఇక్కడే కొట్లాడాలి. ఏడేళ్లు తిరిగేసరికి ఆ ఓటర్లలో చాలామంది లేరు. పోలండ్‌లోని దాదాపు 33 లక్షల మంది యూదుల్లో సుమారు 30 లక్షల మందిని నాజీలు చంపేశారు.

జియోనిజం మీద జరిగే వాదనలో యూదుల గాయం ఏం పని చేసిందో తెలుసుకోవాలంటే ముందు ఇక్కడ ఆగాలి. బుంద్‌ను వాదించి ఎవరూ ఓడించలేదు. వాదించే మనుషులే లేకుండా పోయారు. బతికి తిరిగొచ్చినవాళ్లకు ‘ఇక్కడ’ ఏం మిగిలింది? యుద్ధం ముగిసిన ఏడాదికి, 1946 జూలై 4న, పోలండ్‌లోని కెల్త్సె పట్టణంలో గుంపు పడి 42 మంది యూదులను చంపింది. ఒక పిల్లాణ్ని యూదులు ఎత్తుకెళ్లి దాచారన్న అబద్ధం అందుకు చాలింది. దాడి చేసినవాళ్లలో పోలీసులు, సైనికులు కూడా ఉన్నారు. ఆ తర్వాత కొద్ది నెలల్లోనే పదుల వేల మంది పోలండ్ వదిలి జర్మనీ, ఆస్ట్రియాల్లోని శరణార్థి శిబిరాలకు చేరారు.

అలాగని హిట్లర్ వల్లే జియోనిజం పుట్టిందనడం తప్పు. 1881లో రష్యన్ సామ్రాజ్యంలో యూదుల ఇళ్ల మీద గుంపుదాడులు మొదలయ్యాయి. మరుసటి ఏడాదే ఒడెస్సా వైద్యుడు లియోన్ పిన్స్కర్ యూదులకు సొంత నేల కావాలని రాశాడు. 1897లో వియన్నా పాత్రికేయుడు థియోడర్ హెర్జల్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో తొలి జియోనిస్టు మహాసభ పెట్టాడు. బుంద్ పుట్టిందీ ఆ ఏడాదే. కానీ 1881 నుంచి 1914 దాకా తూర్పు యూరప్ వదిలిన 20 లక్షల పైచిలుకు యూదుల్లో అత్యధికులు ఎక్కింది అమెరికా ఓడ. పాలస్తీనాకు వెళ్లినవాళ్లు పదుల వేలలోనే. దెబ్బ తిన్నవాళ్లు మొదట వెతుక్కున్నది తలుపు తెరిచిన ఊరిని.

ఆ తలుపులు ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి. అసలు కథ ఇదే, చర్చల్లో తక్కువగా వినిపించేదీ ఇదే. 1924లో అమెరికా దేశాలవారీ కోటాలు బిగించి తూర్పు యూరప్ వలసకు దాదాపు తాళం వేసింది. 1938 జూలైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు కూర్చుని శరణార్థుల గురించి మాట్లాడాయి. ఒక్క డొమినికన్ రిపబ్లిక్ తప్ప చెప్పుకోదగ్గ సంఖ్యలో తీసుకుంటామన్న దేశం లేదు. 1939 మేలో సెయింట్ లూయిస్ ఓడ 937 మందితో హవానా చేరింది, వాళ్లలో దాదాపు అందరూ జర్మనీ నుంచి పారిపోతున్న యూదులే. క్యూబా 28 మందినే దింపుకుంది. అమెరికా, కెనడా రానివ్వలేదు. ఓడ యూరప్‌కు తిరిగొచ్చింది, వెనక్కి వచ్చినవాళ్లలో 254 మంది హోలోకాస్ట్‌లో, అంటే నాజీల యూదు సంహారంలో, చనిపోయారు. అదే మే నెలలో, పాలస్తీనాను ఏలుతున్న బ్రిటన్ అరబ్బుల తిరుగుబాటు తర్వాత శ్వేతపత్రం తెచ్చింది. ఐదేళ్లలో 75,000 మంది యూదులకే ప్రవేశం, ఆపైన అరబ్బులు ఒప్పుకుంటేనే.

యుద్ధం తర్వాత కూడా ఇదే తీరు. 1947లో ఎక్సోడస్ ఓడలో 4,500 మందికి పైగా ప్రాణాలు దక్కించుకున్న యూదులు పాలస్తీనా చేరితే, బ్రిటన్ వాళ్లను వెనక్కి పంపింది. ఎక్కడికి? జర్మనీలోని హాంబర్గ్‌కు. తనదంటూ ఒక దేశం లేకపోతే ఏమవుతుందో ఆ ఓడలో ఉన్నవాళ్లకు ఎవరూ వివరించనక్కర్లేదు. జియోనిజాన్ని వట్టి వలసవాదంగా కొట్టిపారేసేవాళ్లు ఈ ఓడల్ని లెక్కలోకి తీసుకోరు. నా దృష్టిలో అది పెద్ద లోపం.

ఇక బాకీ సంగతి. తలుపులు మూసింది వాషింగ్టన్, లండన్, ఒట్టావా. చంపింది బెర్లిన్. చెల్లించింది మాత్రం పాలస్తీనా అరబ్బు రైతు. 1947లో అక్కడి జనాభాలో యూదులు మూడో వంతు. ఐక్యరాజ్యసమితి విభజన పథకం సగానికి పైగా నేలను యూదుల దేశానికి ఇచ్చింది. భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. ఇరాన్, యుగోస్లావియాలతో కలిసి సమాఖ్య దేశం చాలని ప్రతిపాదించింది కూడా. ఆ విభజన వెంట, ఇజ్రాయెల్ ఏర్పడినప్పుడు జరిగిన యుద్ధం ముగిసేసరికి ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు నిరాశ్రయులయ్యారు. వాళ్లు దాన్ని నక్బా, అంటే ‘మహా విపత్తు’, అంటారు.

ఈ చిక్కుముడి గాంధీకి సగం కనిపించింది. 1938 నవంబరు 26న హరిజన్‌లో రాస్తూ యూదులను క్రైస్తవ ప్రపంచపు అంటరానివాళ్లన్నాడు, పాలస్తీనా అరబ్బులదన్నాడు, జర్మనీ యూదులను సత్యాగ్రహం చేయమన్నాడు. ఆ ఏడాదే జర్మనీ విడిచి జెరూసలేం చేరిన తత్వవేత్త మార్టిన్ బూబర్ బదులిచ్చాడు. నిర్బంధ శిబిరంలో చనిపోయేవాడి త్యాగానికి సాక్షి ఎవరన్నది ఆయన ప్రశ్న. ఆ మాట దగ్గర గాంధీ సలహా నిలబడదు. అరబ్బుల నేల గురించి గాంధీ చెప్పింది మాత్రం నిలబడుతుంది.

గాయాన్ని పాలస్తీనీయుల మీదికి తిప్పే ప్రయత్నాలూ జరుగుతుంటాయి. యూదులను చంపేయాలన్న ఆలోచన హిట్లర్‌కు జెరూసలేం ముఫ్తీ (ముస్లిం మతపెద్ద) హాజ్ అమీన్ అల్ హుసేనీ ఇచ్చాడని 2015లో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు అన్నాడు. ముఫ్తీ బెర్లిన్‌లో కూర్చుని నాజీల తరఫున ప్రచారం చేసిన మాట వాస్తవం, అది క్షమించరానిది. కానీ అతను హిట్లర్‌ను కలిసింది 1941 నవంబరు 28న. అప్పటికి రెండు నెలల ముందే కీవ్ పక్కన బాబీయార్ లోయలో రెండు రోజుల్లో 33,771 మంది యూదులను కాల్చి చంపారు. తేదీలు చూస్తే చాలు, ఆ వాదన కూలిపోతుంది.

పదేళ్ల వయసులో ఆష్విట్జ్ నాజీ శిబిరం చూసిన యెహుదా ఎల్కానా 1988లో ఒక ఇజ్రాయెలీ పత్రికలో రాసింది ఈ చర్చకు ప్రాణం. ఇలాంటిది ఇంకెప్పుడూ జరగకూడదనేవాళ్లు కొందరు, ఇది మనకు ఇంకెప్పుడూ జరగకూడదనేవాళ్లు ఎక్కువమంది. ఆ రెండో మాటే దేశ విధానమైపోతోందని ఆయన భయం. 2023 అక్టోబరు 7న హమాస్ సుమారు 1,200 మందిని చంపినప్పుడు ఇజ్రాయెలీలకు పోగ్రోమ్‌లు, అంటే యూదుల మీద జరిగిన పాత గుంపుదాడులు, గుర్తొచ్చాయి. ఆ భయం కల్పితం కాదు. తర్వాత గాజాలో పదుల వేల ప్రాణాలు పోవడాన్ని ఆ భయం పేరు చెప్పి సమర్థించడాన్ని నేను ఒప్పుకోలేను.

జెరూసలేం పశ్చిమ అంచున డేర్ యాసీన్ అనే ఊరుండేది. 1948 ఏప్రిల్ 9న ఇర్గున్, లేహి అనే యూదు సాయుధ దళాలు అక్కడ వందకు పైగా మందిని చంపాయి, వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలూ ఉన్నారు. మిగిలిన రాతి ఇళ్లలో 1951లో కఫర్ షావుల్ మానసిక వైద్యశాల పెట్టారు. తొలినాళ్లలో అక్కడికి వైద్యానికి వచ్చింది నాజీ శిబిరాల నుంచి బతికొచ్చినవాళ్లు. లోయకు అవతలి కొండ మీద హోలోకాస్ట్ స్మారకం యాద్ వషెమ్ ఉంది.