జర్నలిజం కోర్సు దండగ అంటున్న ఆ మెసేజ్‌కు నా జవాబు

ఇంటర్, డిగ్రీ ఫలితాలు వచ్చినప్పటి నుంచి నల్లగొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. చుట్టాల గ్రూపులో వచ్చింది, కాలేజీ దోస్తుల గ్రూపులో వచ్చింది, ఊరి గ్రూపులోనూ వచ్చింది. చూడని వాళ్ల కోసం అందులో ఏముందో క్లుప్తంగా చెప్తాను. పెద్ద జర్నలిస్టులెవరూ జర్నలిజం చదవలేదట. సెల్‌ఫోనూ మైకూ ఉంటే ఎవరైనా రిపోర్టరేనట. కాలేజీల్లో చెప్పేదంతా పాత థియరీ, ఇంగ్లీషు రాని పల్లెటూరి పిల్లలకు అక్కడ చోటు లేదు, చదివినా ఉద్యోగం రాదు, ఉన్న కాసిని ఉద్యోగాలూ ఏఐతో పోతాయి, కాబట్టి మాస్ కమ్యూనికేషన్, జర్నలిజం అంటూ పిల్లల్ని చేర్పించి డబ్బులు తగలెయ్యకండి అని.

దేవరకొండ వైపు మా చుట్టం ఒకాయన ఇది చదివి ఫోన్ చేశాడు. "బిడ్డ జర్నలిజం చదువుతా అంటుంది బావా, ఇదేమో ఇట్ల రాసిన్రు, ఏం చేద్దామంటవ్?" అని. నేను జర్నలిజంలో పీజీ చేసి, నల్లగొండలో ఒక పత్రిక జిల్లా డెస్క్ మీద, అంటే విలేకరులు పంపిన వార్తలు దిద్దే చోట, చాలా ఏళ్లు పనిచేసినవాణ్ని. ఆయనకు ఫోన్‌లో చెప్పింది సగమే. ఆ మెసేజ్ చదివి ఆగిపోయే పిల్లలు ఇంకెంతమంది ఉంటారోనని మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

పెద్దవాళ్లెవరూ చదవలేదన్న మాట ముందు చూద్దాం. మన దగ్గర ఈ మాట అనగానే వచ్చే పేరు సురవరం ప్రతాపరెడ్డి గారిది. గద్వాల ప్రాంతం వారు, 1926లో గోలకొండ పత్రిక పెట్టినవారు. ఆయన జర్నలిజం చదవలేదు, నిజమే. ఎట్లా చదువుతారు? ఉస్మానియాలో జర్నలిజం శాఖ మొదలైంది 1954లో, ఆయన కన్నుమూసింది 1953లో. 1922లోనే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపిన షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారి రోజుల్లో అయితే హైదరాబాద్ సంస్థానంలో అలాంటి కోర్సు ఊసే లేదు. అప్పుడు లేని కోర్సును వాళ్లు చదవలేదని చూపించి ఇప్పుడున్న కోర్సును వద్దనడం ఏం న్యాయం? పైగా ప్రతాపరెడ్డి గారు చదువు లేకుండా పత్రికలోకి రాలేదు. మద్రాసు వెళ్లి బీఏ చదివారు, లా చదివి వకీలు అయ్యారు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాసినప్పుడు నాలుగు ఘాటు మాటలతో సంపాదకీయం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచి వివరాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేసి ముందు పెట్టారు. ఎవరో ఒక మాట అన్నప్పుడు కోపం తెచ్చుకోవడం కాదు, ఆధారాలు పోగేసి చూపించాలి. ఇవాళ క్లాసులో నేర్పేది కూడా సరిగ్గా ఇదే పని. అంతటి మనిషి పేరు చెప్పి పిల్లల్ని చదువు మాన్పించడం చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక సెల్‌ఫోనూ మైకూ సంగతి. అన్నిటికంటే నష్టం చేసే మాట ఇదే, అందుకే కొంచెం ఎక్కువసేపు చెప్తాను.

మన జిల్లా నీళ్లనే తీసుకుందాం. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ ఏం చేసిందో కొత్తగా చెప్పక్కర్లేదు, గారపట్టిన పళ్లు, వంగిపోయిన కాళ్లు అందరం చూసినవాళ్లమే. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు పెట్టిన పేరే నల్లగొండ టెక్నిక్. ఇప్పుడు ఆ ఊళ్లలో ఒకదాంట్లో ఒక కుర్రాడు నీళ్ల సీసా చేత్తో పట్టుకుని "విషం తాగుతున్న జనం" అని వీడియో పెట్టాడనుకోండి. ఆ సీసాలో ఉన్నవి బోరు నీళ్లా, మిషన్ భగీరథ నల్లా నీళ్లా? ఎండాకాలం పట్టినవా, వానలు పడ్డాక పట్టినవా? పరీక్ష ఏ ల్యాబ్‌లో చేశారు, రిపోర్టు మీద తేదీ ఏంటి? మన ప్రమాణాల ప్రకారం లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీళ్ల దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. మరి రిపోర్టులో 1.3 అని వస్తే ఏమని రాయాలి? "పరిమితి దాటింది" అన్నా సగం నిజమే, "నీళ్లు సురక్షితం" అన్నా సగం నిజమే. ఈ రెండు అంకెలూ ఎందుకున్నాయో తెలిసినవాడే దాన్ని సరిగ్గా రాయగలడు. తెలియనివాడు నల్లా నీళ్లు కూడా విషమేనని భయపెడితే, ఆ ఇంటి ముసలమ్మ మళ్లీ పాత బోరు దగ్గరికే పోయి బిందె పెడుతుంది, అసలు ఫ్లోరైడ్ ఎక్కువ ఉండేది ఆ బోరులో. వీడియోకు లైకులు వస్తాయి, ఆమె మోకాళ్లకు ఎవరు జవాబు చెప్తారు?

ఇంకోటి, ఇది రాయాలంటేనే నాకు మనసొప్పదు. చిన్నపిల్లల మీద అత్యాచారం జరిగినప్పుడు మన లోకల్ ఛానళ్లలో వచ్చే వార్తలు ఒకసారి గమనించండి. పాప పేరు చెప్పరు, ముఖం బ్లర్ చేస్తారు, అక్కడికి తమ పని అయిపోయిందనుకుంటారు. ఆ తర్వాత ఊరి పేరు, గల్లీ, తండ్రి చేసే పని, ఏ బడిలో ఎన్నో తరగతి అన్నీ చదివేస్తారు, ఇంటి గుమ్మం కూడా చూపిస్తారు. మూడొందల గడపలున్న ఊళ్లో ఇంక దాచింది ఏముంది? పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ పేరు ఒక్కటే కాదు, చిరునామా, ఫొటో, కుటుంబ వివరాలు, బడి, చుట్టుపక్కల ప్రాంతం ఏదీ బయటపెట్టొద్దని విడివిడిగా రాసింది. తప్పితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మీడియా లా పేపర్లో ఇది చదివి, పాత వార్తలు ముందేసుకుని ఏ వాక్యం ఎందుకు తప్పో దిద్దిన స్టూడెంట్ ఆ పొరపాటు చేయడం కష్టం. మేం డెస్క్ మీద రాత్రి ఎడిషన్ టైమ్ టెన్షన్‌లో కొట్టేసేవి ఎక్కువగా ఇలాంటి వాక్యాలే. డెస్క్ లేని యూట్యూబ్ ఛానల్లో వాటిని కొట్టేసేవాళ్లు ఎవరు? నేను యూట్యూబ్‌కు వ్యతిరేకం కాదు, పెద్ద పత్రికలు ముట్టుకోని ఊరి సమస్యలు వాళ్లలో కొందరు బాగా చెప్తున్నారు. ఆ పనిచేసేవాళ్లకు ఈ చదువు ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే వాళ్ల వెనక ఆపేవాళ్లు లేరు.

థియరీ దగ్గరికి వద్దాం. థియరీ ఉంటుంది, కొన్ని కాలేజీల్లో ఉండాల్సిన దానికన్నా ఎక్కువే ఉంటుంది, ఆ ఫిర్యాదు నేనూ ఒప్పుకుంటాను. కానీ అంతా అదే అనడం తప్పు. రిపోర్టింగ్, ఎడిటింగ్, రేడియో, టీవీ, ప్రకటనలు, పీఆర్ (ప్రజాసంబంధాలు), మీడియా చట్టాలు ఇవన్నీ సిలబస్‌లో ఉంటాయి. స్టూడెంట్లే వార్తలు రాసి, పేజీలు పెట్టి వేసే ల్యాబ్ జర్నల్ ఉంటుంది, ఉస్మానియాలో వచ్చిన ఉస్మానియా కొరియర్ అలాంటిదే. అయినా థియరీ అంటే అంత చులకన ఎందుకు? అజెండా సెట్టింగ్ అని ఒక పాఠం ఉంటుంది. మీడియా దేన్ని పదే పదే చూపిస్తే జనం దాన్నే పెద్ద సమస్య అనుకుంటారని, 1968 అమెరికా ఎన్నికల మీద చేసిన అధ్యయనంతో 1972లో ఇద్దరు పరిశోధకులు చూపించారు. మనకెందుకు ఇది అనిపిస్తుందా? శ్రీశైలం నీళ్లను నల్లగొండ కరువు ఊళ్లకు, ఫ్లోరైడ్ ఊళ్లకు తేవాలని తవ్వుతున్న ఎస్సెల్బీసీ సొరంగం ఏళ్లకేళ్లు సాగుతుంటే దాన్ని పట్టుకుని ఎంతమంది రాశారు? 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్న రోజు మాత్రం కెమెరాలన్నీ అక్కడే. లోపల ఉన్నవాళ్లు జార్ఖండ్, యూపీ, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల ఇళ్లల్లో టీవీలో వచ్చిన ప్రతి స్క్రోలింగ్‌కూ ఒకసారి ఆశ పుట్టేది, ఒకసారి చచ్చిపోయేది. ధ్రువీకరించని మాట అలాంటి చోట ఎందుకు వదలకూడదో, ప్రమాదం జరగకముందే ఆ సొరంగం గురించి ఎందుకు రాయాలో, రెండూ ఆ 'పాత థియరీ'లోనే ఉన్నాయి.

పల్లెటూరి పిల్లలకు చోటు లేదన్నదానికి నా జవాబు చిన్నదే. తెలుగు విశ్వవిద్యాలయంలో జర్నలిజం తెలుగులో చెప్తారు. ఈనాడు, సాక్షి లాంటి పత్రికల సొంత జర్నలిజం స్కూళ్లలో రాత పరీక్ష పెట్టి, స్టైపెండ్ ఇచ్చి మరీ తెలుగు రాయడం నేర్పుతారు. యూనివర్సిటీ పీజీకి సీపీగెట్ ప్రవేశ పరీక్ష రాస్తే చాలు, డిగ్రీలో ఏ గ్రూపు చదివినా ఫర్వాలేదు. ఇంగ్లీషు నేర్చుకోవాలి, అవసరమే, అది రెండేళ్లలో పనిచేసుకుంటూ వచ్చేదే. కానీ వలసపోయే పాలమూరు లేబర్ గురించి రాయాలంటే వాళ్లను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఎవరు, అడ్వాన్సు ఎప్పుడిస్తాడు, లెక్క ఎప్పుడు చూస్తాడు, పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలి ఏ నెలలో బయల్దేరతారు అన్నది తెలిసి ఉండాలి. అది మా నారాయణపేట, కొడంగల్ పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు, తమ యాసలోనే మాట్లాడతారు. "చూశారా, వాళ్లు కాలేజీకి పోలేదు కదా" అని ఈ మెసేజ్ పెట్టినవాళ్లు అంటారేమో. పోలేదు, కానీ లైసెన్సు రావడానికి ఏళ్ల ముందు నుంచే రికార్డింగ్, ఎడిటింగ్ శిక్షణ తీసుకుని కార్యక్రమాలు చేసి పెట్టుకున్నారు. నేర్చుకోకుండా ఒక్కరోజులో మైకు ముందు కూర్చున్నవాళ్లు కాదు వాళ్లు.

ఉద్యోగాల దగ్గర మాత్రం తీయటి మాటలు చెప్పను. సర్టిఫికెట్ చూపించగానే పెద్ద జీతం ఇచ్చేవాళ్లు లేరు. మండల విలేకరుల్లో చాలామంది ఇప్పటికీ లైన్ అకౌంట్ మీద బతుకుతున్నారు, వార్త ఎన్ని లైన్లు పడితే అన్ని లైన్లకే డబ్బులు, పైగా యాడ్ల టార్గెట్. ఇది అన్యాయం, దీని మీద కొట్లాడాలి. కానీ దాన్ని చూపించి చదువు వద్దంటే ఏమవుతుంది? చదివినవాడికి లైన్ అకౌంట్ దాటి పోవడానికి దారులుంటాయి, చదవనివాడు అక్కడే ఉండిపోతాడు. కేంద్ర సమాచార శాఖలో ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ గ్రూప్ బి పోస్టులకు యూపీఎస్సీ జర్నలిజం డిగ్రీ గానీ డిప్లొమా గానీ అడుగుతుంది, తెలుగు తెలిసినవాళ్ల కోసం పోస్టులు విడిగా వేస్తుంది. యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే టీచింగ్, రీసెర్చ్. ఇవి కాక పత్రికల డెస్కులు, ఫ్యాక్ట్ చెక్, సబ్‌టైటిల్స్, ఆస్పత్రుల, కంపెనీల పీఆర్. వీటిలో ఏదీ సులువుగా వచ్చేది కాదు, కానీ 'ఉద్యోగం రాదు' అని ఒక్క లైన్లో కొట్టేయడం మాత్రం అబద్ధం.

ఏఐ గురించి ఒక్క మాట. ప్రెస్ నోట్‌ను వార్తగా మార్చే పని అది చేస్తుంది, చేస్తోంది కూడా. ఊళ్లోకి పోయి ఉపాధి హామీ మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, పేరున్న మనిషి నిజంగా పనికొచ్చాడా అని అడగడం, పంచాయతీలో ఫీజు లేకుండా ఆర్టీఐ దరఖాస్తు పెట్టి ముప్పై రోజులు వెంటపడటం దాని వల్ల కాదు. అది లేని జీవో నంబరు రాస్తే పట్టుకునే మనిషి కూడా కావాలి.

డబ్బులు తగలెయ్యడం అన్నదాంట్లో ఒక నిజం ఉంది, అది చెప్పకపోతే తప్పు. అద్దాల స్టూడియో, గ్రీన్ మ్యాట్ ఫొటోలు బ్రోచర్లో వేసి లక్షలు గుంజే ప్రైవేటు కాలేజీలు ఉన్నాయి. అలాంటివాటిలో ఒకదాంట్లో చేరి, రెండేళ్లలో కెమెరా ముట్టుకోకుండా బయటికొచ్చిన పిల్లల్ని మా డెస్క్ ఇంటర్వ్యూల్లో చూశాను, తప్పు ఆ పిల్లలది కాదు. అందుకే మా దేవరకొండ బావకు చెప్పిందే మీకూ చెప్తున్నా. ముందు గవర్నమెంటు యూనివర్సిటీ సీటుకు ప్రయత్నం చేయించండి. ప్రైవేటు అయితే ఫీజు కట్టేముందు బిడ్డను తీసుకుని ఒకసారి కాలేజీకి పోండి. పోయిన ఏడాది స్టూడెంట్లు వేసిన ల్యాబ్ జర్నల్ చూపించమనండి, పాఠం చెప్పేవాళ్లలో పత్రికలోనో ఛానల్లోనో పనిచేసినవాళ్లు ఎవరో అడగండి, ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయించారో అక్కడి పిల్లలనే బయట టీ కొట్టు దగ్గర అడగండి. ల్యాబ్ జర్నల్ లేదంటే చేర్పించకండి, ఇంకో కాలేజీ చూడండి.