పగిలే వస్తువులు ఇద్దాం

ఊరి బడికి ఏదైనా చేయాలని మన సంఘంలో మాట వచ్చినప్పుడల్లా లెక్క గదుల దగ్గర మొదలై గదుల దగ్గరే ముగుస్తుంది. ప్రహరీ గోడ, స్వాగత తోరణం, భోజనాల షెడ్డు, ఈమధ్య డిజిటల్ బోర్డు. ఇవన్నీ అవసరమైనవే. కారే పైకప్పు కింద పిల్లలను కూర్చోబెట్టమని ఎవరూ అనరు. కానీ నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ విదేశంలో స్థిరపడిన మనం ఇకమీదట పంపే డబ్బులో పెద్ద భాగం పగిలిపోయే, కరిగిపోయే, ఖర్చైపోయే వస్తువులకు పోవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. పరీక్ష నాళికలు, లిట్మస్ కాగితాలు, నిక్రోమ్ తీగ, బ్యాటరీలు, విత్తనాలు, దారం, అట్టముక్కలు. వీటి మీద దాత పేరు రాయడానికి చోటు ఉండదు.

పేరు కోరుకోవడంలో తప్పేమీ లేదు. 2022 మార్చిలో వనపర్తిలో ప్రారంభించిన ‘మన ఊరు – మన బడి’ కార్యక్రమమే పది లక్షలు ఇచ్చినవారి పేరు తరగతి గదికి, కోటి ఇచ్చినవారి పేరు బడికే పెట్టుకునే వీలు కల్పించింది. కన్నవాళ్ల పేరు తాను చదువుకున్న బడి గోడ మీద చూసుకోవాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. అయితే గది కట్టించినవాళ్లం ఆ గదిలో ఏం జరుగుతోందని కూడా అడగాలి.

తెలంగాణ సైన్సు పాఠ్యపుస్తకాలు మంచివి. ఈ మాట మొహమాటానికి అనడం లేదు. పాఠం మధ్యలోనే ‘కృత్యం’, ‘ప్రయోగశాల కృత్యం’ అని వస్తాయి. చేసి చూడమంటాయి, ఏం గమనించావని, ఎందుకలా జరిగిందని అడుగుతాయి. విద్యాప్రమాణాల్లో ప్రయోగాలకు, క్షేత్ర పరిశీలనలకు విడిగా చోటు ఉంది. బడిలో జరిగేది మాత్రం వేరు. ‘ఓమ్ నియమాన్ని నిరూపించే ప్రయోగానికి కావలసిన పరికరాలు, చేసే విధానం రాయండి’ అని పరీక్షలో ప్రశ్న వస్తుంది. అమ్మీటరును ఎన్నడూ చేత్తో పట్టుకోని పిల్ల కూడా దానికి పూర్తి మార్కులు తెచ్చుకోగలదు. అమ్మీటరును శ్రేణిలో, వోల్టుమీటరును సమాంతరంగా కలపాలని తప్పు లేకుండా రాస్తుంది. అవే తీగలు చేతికిస్తే ఏ కొన ఎక్కడ తగిలించాలో తెలియక నిలబడిపోతుంది. లోపం ఆ పిల్ల తెలివిలో లేదు. ఆ సామాను ఆమె చేతిదాకా రాలేదు, అంతే.

ఎందుకు రాలేదో తెలుసుకోవాలంటే సైన్సు గదిలోని ఇనుప బీరువా తలుపు తీయించాలి. ఆమధ్య ఊరికి వెళ్లినప్పుడు దేవరకొండ వైపు ఒక ఉన్నత పాఠశాలలో తీయించాను. బీకర్లు చుట్టిన కాగితాలు విప్పకుండానే ఉన్నాయి. కొన్ని రసాయనాల సీసాల మీద గడువు తేదీ ఎప్పుడో దాటిపోయింది. పాఠం చెప్పే టీచరుగారు శ్రద్ధ ఉన్న మనిషి. అడిగితే నెమ్మదిగా చెప్పారు: “స్టాకు రిజిస్టరులో ఉన్నవన్నీ తనిఖీకి వచ్చినప్పుడు చూపించాలి అక్కా. పగిలితే లెక్క చెప్పాల్సింది నేనే. నలభై మంది పిల్లలు, నలభై అయిదు నిమిషాలు. సామాను తీసి, సర్ది, కడిగి, మళ్లీ లోపల పెట్టేలోపు గంట కొట్టేస్తారు.”

ఇది ఒక్క బడి సంగతి కాదని ఉపాధ్యాయ కుటుంబాల నుంచి వచ్చిన మన సభ్యులకు బాగా తెలుసు. పగలకుండా ఉన్న బీకరు రిజిస్టరులో క్షేమంగా ఉంటుంది, దాన్ని వాడిన టీచరు సంజాయిషీ రాయాలి. ఈ భయం తీసేయడానికి మనం చేయగలిగిన పని ఒకటుంది. ఇచ్చేటప్పుడే, ఇవి వినియోగ సామగ్రి, పగిలితే అడిగేవాళ్లు లేరు, వచ్చే ఏడాది మళ్లీ ఇస్తాం అని ప్రధానోపాధ్యాయులకు రాతపూర్వకంగా చెప్పడం. ఆ ఒక్క ఉత్తరం డిజిటల్ బోర్డు కంటే విలువైనదని నేను అనుకుంటున్నాను.

మన జిల్లాల్లో చేసి నేర్చుకోవడానికి విషయాలు ఎక్కడి నుంచో తేనవసరం లేదు. నల్లగొండ అనగానే గుర్తొచ్చేది ఫ్లోరైడు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాల్లో వంగిపోయిన కాళ్లతో, కర్రల ఊతంతో నడిచిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం మనలో చాలామంది ఉన్నాం. మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన ఫ్లోరైడు బాధితుడు అంశల స్వామిని నాటి ప్రధాని వాజ్‌పేయి ముందుకు తీసుకెళ్లి ఆ బాధను దేశానికి చూపించవలసి వచ్చింది. గ్రానైటు శిలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు బోరునీటిలోకి దిగుతుంది. తాగునీటిలో అది లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర వరకు సర్దుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. మరి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ప్రపంచ పుస్తకాల్లో ఉన్న పేరే ‘నల్లగొండ టెక్నిక్’! నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రజ్ఞులు 1970లలో దాన్ని రూపొందించారు.

ఆ పేరున్న జిల్లాలో పదో తరగతి పూర్తిచేసే ఎంతమంది పిల్లలు ఒక బకెట్టు నీళ్లలో ఆ పని చేసి చూశారు? కావలసినవి కిరాణా కొట్టులో దొరికేవే. పటిక వేసి వేగంగా కలపాలి, తరువాత నెమ్మదిగా తిప్పాలి, తెట్టె కట్టి అడుక్కి దిగేదాకా ఆగాలి, పైనీటిని వడగట్టాలి. పటికతో నీటి ఆమ్లగుణం పెరుగుతుంది గనుక సున్నం ఎందుకో పిల్లలకు అక్కడే తెలుస్తుంది. ఆమ్లాలు, క్షారాల పాఠం ఇంతకంటే బాగా ఎలా చెబుతాం? ముందూ వెనుకా ఫ్లోరైడు ఎంతుందో రంగు మారే రసాయనంతో కొలవవచ్చు. జిర్కోనియం కలిసిన ఆ ద్రావణం గులాబీ రంగు నుంచి పసుపు వైపు మారుతుంది. ఇంత మంచి పద్ధతి ఇంటింటికీ ఎందుకు నిలవలేదన్నది అసలు గొప్ప ప్రశ్న. నీళ్లలో మిగిలే అల్యూమినియం, ప్రతిసారీ పారబోయాల్సిన బురద, రోజూ ఎవరో ఒకరు తూకం చూసి కలపాల్సిన శ్రమ. ఇవన్నీ పిల్లలు తమ చేతులతో ఆ బురద ఎత్తినప్పుడు తెలిసేవి.

మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాయి, అది పెద్ద మార్పు. అయినా పొలాల దగ్గర బోర్లు ఉన్నాయి, పనికి వెళ్లినవాళ్లు దప్పికైతే అవే తాగుతారు. తొమ్మిదో తరగతి పిల్లలు ఊళ్లోని బోర్లన్నిటి నీళ్లూ పరీక్షించి, పటం గీసి, గ్రామ పంచాయతీ ముందు పెడితే అది చదువు అవుతుంది, ఊరికి సేవ కూడా అవుతుంది. బడి కిట్టుతో వచ్చిన అంకె చివరిమాట కాదని, ఎక్కువ చూపించిన నీళ్లను ప్రభుత్వ ప్రయోగశాలకు పంపాలని కూడా వాళ్లకు నేర్పాలి. అనవసరంగా ఊరిని భయపెట్టకుండా, తెలిసినంతే చెప్పడం సైన్సులో ముఖ్యమైన పాఠం.

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. శివలింగం వెనుక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదు? ఎండ నేరుగా లోపలికి రాదు, మండపం స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుగే ఆ నీడ వేస్తుంది. ఈ వాక్యం నేను రాస్తే మీరు చదివి మరచిపోతారు. అట్టపెట్టె, కాగితపు గొట్టాలు, ఒక టార్చిలైటు ఇచ్చి ఎనిమిదో తరగతి పిల్లలను గుడికి తీసుకెళ్లి, వెనక్కి వచ్చాక నమూనా చేయమంటే కాంతి పాఠం వాళ్లకు జన్మంతా గుర్తుంటుంది.

చేతిపని తెలిసిన పెద్దవాళ్లు కూడా మన దగ్గర కొదవలేదు. పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్లు దారానికి ముందే ముడి కట్టి రంగు వేసి మగ్గం మీద బొమ్మ తేలుస్తారు. గద్వాలలో నూలు చీరకు పట్టు అంచు కలుపుతారు. గళ్ల కాగితం మీద వాళ్లు వేసే లెక్క గణితం తరగతికి రావాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపేశారు. చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకులకు చుట్టి సిద్ధం చేయడానికి, వేలసార్లు చేయి ఆడించి భుజం నొప్పితో బాధపడే తల్లిని చూసి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి చేతులకు మన బడిలో ఆనాడు పని దొరకలేదు. ఈనాడైనా దొరుకుతోందా అని నాకు దిగులు.

మార్కులు పోతాయని తల్లిదండ్రులు భయపడతారు, నిజమే. పదో తరగతిలో అంతర్గత మూల్యాంకనానికి, అంటే ప్రాజెక్టుల వంటి వాటికి బడిలోనే వేసే, ఇరవై మార్కులు తీసేస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించి, వెంటనే ఆ ఏడాది అమలును వాయిదా వేసింది. ఆ మార్కులు చాలాచోట్ల అడగకుండానే పడుతున్నాయన్న విమర్శలో నిజం ఉంది. ప్రాజెక్టు పని అంటే నెట్ సెంటరులో ప్రింటు తీసి అట్ట వేసినదే అయినప్పుడు ఆ మార్కులకు గౌరవం ఎలా ఉంటుంది? నా అభిప్రాయంలో దానికి మందు ప్రాజెక్టులు మానేయడం కాదు, ప్రాజెక్టు నిజంగా చేయించడం. ఇక్కడ మన పిల్లల సైన్సు ఫెయిరుకు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని సాయం చేసే మనమే, అక్కడి పిల్లలకు పరీక్ష ఫలితాలు చాలనుకోవడం న్యాయం కాదు.

సామానుతోపాటు మనిషి కూడా కావాలి. ఊళ్లోనే బీఎస్సీ చదివిన ఒక అమ్మాయికో అబ్బాయికో నెలనెలా గౌరవ వేతనం ఇచ్చి రెండు మూడు బడులకు ప్రయోగశాల సహాయకులుగా పెడితే టీచరు మీద సగం బరువు తగ్గుతుంది. వారానికి ఒకసారి రెండు పీరియడ్లు కలిపి ఇవ్వమని ప్రధానోపాధ్యాయులను మర్యాదగా అడగవచ్చు. డబ్బు పంపడంలో ఒక జాగ్రత్త: మనలో భారత పౌరసత్వం ఉంచుకున్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది అవుతుంది. కాబట్టి వాళ్లు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద నమోదు ఉన్న సంస్థ ద్వారానే ఇవ్వాలి.

తెలంగాణలో బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులు ఇస్తారు. సెలవులకు ముందే ఒక్కో బడి సైన్సు టీచరుతో ఫోనులో మాట్లాడి, ఏ తరగతికి ఏ కృత్యాలకు ఏం కావాలో వాళ్ల చేతిరాతలోనే జాబితా తెప్పించుకోవాలి. మనకు తోచినవి కొని పంపవద్దు. మే నెలలో హైదరాబాదులో కొని చేర్చితే తొలి పాఠం నాటికి డబ్బాలు విప్పి ఉంటాయి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల సభ్యులు తమ ఊరి బడి టీచరుగారి ఫోను నంబరు కనుక్కుని మార్చిలోగా సంఘం కార్యదర్శికి తెలియజేయాలని కోరుతున్నాను.